పిల్ల బతికిన సినిమా

ఇప్పటి పిల్లలు వాటిని థ్రిల్లర్లు అంటున్నారు. మేం ఖూనీ సినిమాలు అనేవాళ్ళం. నలభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో మా గదిలో దేశం గురించి జరిగిన వాదనలు తక్కువ, ఏ ఖూనీ సినిమాకు పోవాలన్నదాని మీద జరిగిన కొట్లాటలు ఎక్కువ. చుట్టూ ఉన్న దేశానికి స్వతంత్రం వచ్చింది, మాకు రాలేదు. మాది నిజాం సర్కారు ఇలాకా. రేపో మాపో వస్తుందనేవాళ్ళు కొందరు, అదంతా ఉత్తమాట అనేవాళ్ళు కొందరు, ముందు పరీక్షలు పెడతారో లేదో ఎవరైనా చెప్పండిరా అని ఏడ్చే నాలాంటివాళ్ళు కొందరు. ఎవరికీ కాలు ఒకచోట నిలిచేది కాదు. పుస్తకం తెరిస్తే నిద్ర వచ్చేది, మూస్తే దిగులు వచ్చేది. శనివారం ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చునేవాళ్ళం.

మేం ముగ్గురం. కర్ఖేలి నుంచి నేను, మార్కండేయను, మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి. గోకుంద నుంచి శివన్న, కిన్వట్ అడవుల పక్క పిల్లవాడు. మనిషి పొడుగు, మాట పొట్టి. బిలోలి నుంచి నందకిషోర్, కిరాణా దుకాణం ఆయనకు ఒక్కగానొక్క కొడుకు. నాందేడ్‌లో హైస్కూలు వెనక రెండు గదుల్లో నడిచే ఇంటర్ క్లాసులను గొప్పకు కాలేజీ అని చెప్పుకుంటూ, రఖమాబాయి ఇంట్లో ముందరి గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. ఆమెకు ముందూ వెనకా ఎవరూ లేరు. అవ్వా అని పిలిస్తే పలికేది, మూడు పూటలా మాకింత జొన్నరొట్టె కాల్చి పెట్టేది, చదవకపోతే తిట్టేది.

ఊళ్ళో ఒక టాకీసు ఉండేది. ఎండాకాలం వస్తే నది వైపు మైదానంలో ఒక డేరా లేచేది. శుక్రవారం రెండింట్లోనూ సినిమా మారేది. ఎద్దుబండికి బొమ్మలు కట్టి డప్పు కొట్టుకుంటూ మా వీధిలోంచి పోతుంటే, నందు అన్నం ముందు నుంచి లేచి ఉరికేవాడు. వాడికి సినిమాయే దేవుడు. ఖూనీలంటే ప్రాణం పెట్టే ఈ మొనగాడు బల్లిని చూస్తే మంచమెక్కేవాడు, అది వేరే సంగతి. సినిమాను ఎంచడానికి వాడికో పద్ధతి ఉండేది. శుక్రవారం మొదటి ఆట వదిలే వేళకు బయట నిలబడి, వచ్చేవాళ్ళ మొహాలు చూసేవాడు. “మాట్లాడుకుంట అస్తె దండగ సినిమా. చెప్పులు మర్చిపోయి అస్తె మనం పోవాలె,” అనేవాడు. హంతకుడెవరో ముందే నోరుజారినవాడితో వారం రోజులు మాట్లాడేవాడు కాదు.

నాకు గుర్రాలు, రైళ్ళు, కొట్లాటలు ఉంటే చాలు. శివన్న ఎప్పుడూ ‘మీ ఇష్టం’ అనేవాడు. హోళీ పోయాక ఏమైందో, వాడికి కూడా నోరొచ్చింది.

“టాకీసుల పడ్డది మంచిదిరా,” అన్నాడు నందు ఒక శుక్రవారం. “ఖూనీకోరును పట్టే జాసూసు కూసొని ఆలోచన చేసేటిది. డేరాలది ఉత్త ఒర్రుడు, తన్నుకొనుడు.”

“ఒర్రుడే గావాలె,” అన్నాడు శివన్న.

“నీకెప్పటి సంది రా సినిమాల సోకు?”

“డేరాలది ఎన్ని రీళ్ళట?”

“శానున్నయట. ఒడిసేటాళ్ళకు బాగ ఆలస్యమైతదన్నరు. అయితె ఏంది?”

“అయితె డేరాకే పోదాం.”

ఖూనీ ఎవరిది, హీరోయిన్ ఎవరు అని అడిగి సినిమాకు పోయేవాళ్ళను చూశాను గానీ, బట్ట కొన్నట్టు పొడుగు చూసి పోయేవాణ్ణి అప్పుడే చూడటం. ఓటుకు ఓటు పడితే నేను శివన్న వైపు మొగ్గాను, నాక్కూడా ఒర్రుడే ఇష్టం కాబట్టి. అట్లా వరసగా నాలుగైదు వారాలు డేరాకే పోయాం. నందు గొణుక్కుంటూ వచ్చేవాడు.

డేరాలో ఉన్నది ఒకటే మిషను. రీలు అయిపోయినప్పుడల్లా బొమ్మ ఆగేది, గ్యాసు దీపం వెలిగించేవాళ్ళు, ఇంకో రీలు ఎక్కించేదాకా జనం బీడీలు ముట్టించుకునేవాళ్ళు. రెండో వారం ఆ వెలుతురులో చూస్తే ఇసుకలో నందు అవతల శివన్న లేడు. రెండు రీళ్ళు తిరిగాక మళ్ళీ ఉన్నాడు, మోకాళ్ళ నిండా మట్టి. కడుపు బాగాలేదన్నాడు. మూడో వారమూ కడుపే. ఒక్క శనివారాలు మాత్రమే చెడే కడుపు మా వైపు ఎక్కడా లేదు.

ఆదివారం పొద్దున నదికి స్నానానికి పోతూ అడిగేశాను. వాడు దాచలేదు.

“కిన్వట్ దిక్కు కెళ్ళి మాపటి బండికి ఒకాయన అస్తడు. మోదుగాకు కట్టలు తెస్తడు. ఆకుల నడుమ కాగితాలుంటయి. హద్దవతల ఉమర్‌ఖేడ్‌ల స్టేట్ కాంగ్రెసోళ్ళు సర్కారు మీద అచ్చేస్తున్నరు గద, గవి. డేరా గుడ్డ కింద దూరి పోత, అందుకుంట, ఇంకొకాయనకు ఇస్త, మళ్ళ అచ్చి కూసుంట.”

“గీ సినిమాలేందిరా మరి నడుమ?”

“ఖూనీ సినిమాల పక్కనోడు లేచిపోయినా ఎవ్వడు జూడడు. ఎవలన్న అడిగితె సినిమాల ఉన్న అని చెప్తందుకు మీరిద్దరుంటరు.”

నాకు నవ్వాలో వణకాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ మేం సినిమాను ఎంచుకుంటున్నామనుకున్నాను. వాడు ఎంచుకుంటున్నది చీకటిని.

“దొరికితె?”

“జేలు. నేనైతె పోత. మా నాయన పొలం గూడ గుంజుకుంటరు, గదే భయం.” కొంచెం దూరం నడిచి, “నందుకు చెప్పకు. వాడు అబద్ధమాడలేడు. మొహం మీదనే తెలుస్తది,” అన్నాడు.

ఆ మాట నిజమే కాబట్టి నేను నోరు కట్టుకున్నాను. ఆనాటి నుంచీ తెర మీద ఎవడు కత్తి తీసినా నాకు భయం వేయలేదు. గ్యాసు దీపం వెలిగితే మాత్రం ఎవరైనా మావైపు చూస్తున్నారా అని నాలుగు దిక్కులూ చూసేవాణ్ణి.

ఇక్కడ రఖమాబాయి సంగతి చెప్పాలి. డేరాలో ఆడవాళ్ళకు పరదా కట్టిన జాగా ఉండేది. రమ్మంటే, “ఆ చీకట్ల నాకేం పని,” అనేది. కానీ కథ మాత్రం కావాలి. ఆదివారం మధ్యాహ్నం ఆమె రొట్టెలు తడుతుంటే పొయ్యి పక్కన కూర్చుని నేను సినిమా అంతా చెప్పాలి. అదీ మా గది ఆచారం. మొదట్లో ఒకసారి హీరోయిన్ చనిపోయిందని ఉన్నదున్నట్టు చెప్పాను. రొట్టె పెనం మీదనే మాడింది.

“మా ఇంట్ల సచ్చినోళ్ళు సాలలేదారా?” అంది. “సినిమాల కెళ్ళి గూడ ఇంకొకల్ని పట్టుకచ్చినవా?”

ఆమె పెనిమిటీ ఇద్దరు పిల్లలూ ఒకే కలరాలో పోయారని అప్పటికి నాకు తెలియదు. ఆ పూట అందరం మాడిన రొట్టెలే తిన్నాం. అప్పటినుంచి ఏ సినిమాలో ఎవరు చచ్చినా రఖమాబాయి పొయ్యి దగ్గరికి వచ్చేసరికి బతికేవాళ్ళు. నాకు ఆ విద్య బాగా పట్టుబడింది. నందుకు ఒళ్ళు మండేది. “సినిమాల ఒక ఖూనీ అయితది, ఈడు ఇంటికచ్చి సినిమానే ఖూనీ చేస్తడు,” అని నేను ముగింపుకు వచ్చేసరికి లేచి పెరట్లోకి పోయి, మాట వినపడేంత దూరంలోనే చేతులు కడుక్కుంటూ ఉండేవాడు. శివన్న మటుకు నోరు తెరుచుకుని వినేవాడు. పాపం, వాడికి ఆట పడేది అక్కడే.

ఏప్రిల్‌లో ఒక శనివారం చూసిన సినిమాలో ఒక దొంగ డాక్టరు, ఆస్తి ఉన్న ఒక ఆడపిల్ల. డాక్టరు ఆమె మేనమామను చంపి నేరం ఆమె మీదికి తోస్తాడు. చివర వంతెన మీద పెనుగులాటలో ఇద్దరూ నదిలో పడి చనిపోతారు. ఆ రోజు కాగితాలు అందుకోవలసిన మనిషి రాలేదట. వెనక్కి పంపడానికి మనసొప్పక శివన్న తానే పోయి కచేరీ గోడకు రెండు అంటించి, ఆట వదిలే వేళకు గానీ రాలేదు. ఎవరో చూశారు. పొడుగాటి పిల్లగాడు, కాలేజీవాడిలా ఉన్నాడు అని చెప్పారు.

ఆ సంగతి తెలియక నేను ఆదివారం హాయిగా కథ అల్లాను. ఆడపిల్ల నీళ్ళలో పడగానే కింద చేపలు పడుతున్న బెస్తాయన వల విసిరాడు, పిల్ల వలలో పడింది, డాక్టరు కొట్టుకుపోయాడు. రఖమాబాయి, “పున్నెముంటది ఆ బెస్తాయనకు,” అని ఇంకో రొట్టె వేసింది.

సోమవారం పొద్దున్నే పోలీసు అమీన్ వచ్చాడు, వెంట ఒక జవానుతో. నిజామాబాద్ వైపు మనిషి, తెలుగు బాగానే వచ్చు. అరవలేదు, తిట్టలేదు. మా గదిలో మంచం మీద కూర్చుని, శనివారం పొద్దుగూకాక ఎక్కడున్నారని అడిగాడు. డేరాలో అన్నాం. “ముగ్గురా?” ముగ్గురం. “మంచిది. ఒక్కొక్కడు అచ్చి కథ చెప్పున్రి,” అని శివన్నను ఉండమని మమ్మల్ని వాకిట్లోకి పంపాడు. మేం మాట్లాడుకోకుండా జవాను మధ్యలో నిలబడ్డాడు.

లోపలి మాటలు వినపడటం లేదు. వినపడవలసిన అవసరమూ లేదు. శివన్నకు తెలిసిన సినిమా ఒకటే, నేను పొయ్యి దగ్గర చెప్పింది. నేను ముగింపులు మారుస్తానని వాడికి తెలుసు, కానీ ఈసారి అసలు ముగింపు ఏమిటో తెలియదు. అడగాలని వాడికి తట్టలేదు, చెప్పాలని నాకు తట్టలేదు.

శివన్నను పెరటి వైపు పంపి నన్ను పిలిచాడు. నేను మొదటి నుంచీ మొదలుపెడితే, “అదంత ఒద్దు. ఆఖర్న ఏమైతది, గది చెప్పు,” అన్నాడు.

“డాక్టరు, ఆ పిల్ల వంతెన మీదకెళ్ళి పడ్తరు సాబ్.”

“పడి?”

“కింద ఒక బెస్తాయన ఉంటడు. వల ఇసురుతడు. పిల్ల బతుకుతది. డాక్టరు కొట్టుకపోతడు.”

ఆయన మొహంలో ఏమీ కనపడలేదు. “మూడోణ్ణి రమ్మను,” అన్నాడు.

నందు నన్ను దాటుకుని లోపలికి పోతుంటే ఏదో సైగ చేద్దామనుకున్నాను. వాడు నావైపు చూడలేదు. ఇక ఆఖరివాడే కదా అని అమీన్ తలుపు వేయించలేదు, అందుకని ఈసారి అన్నీ వినపడ్డాయి. అసలే అబద్ధమాడలేనివాడు, అందులోనూ సినిమా విషయంలో. ప్రాణం పోయినా వాడు ఆ పిల్లను బతికించడు. వాడు మొదటి రీలు నుంచి ఎత్తుకున్నాడు. మేనమామ ఇల్లు, గడియారం, పక్కవాటు వెలుతురులో డాక్టరు చెయ్యి, అన్నీ చెప్పాడు. అమీన్ కూడా ఆపలేదు. వంతెన దగ్గరికి వచ్చాడు. ఆగిపోయాడు.

“పడ్డరు,” అన్నాడు అమీన్. “అటెన్క?”

జవాను బీడీ ముట్టించుకున్నాడు. రఖమాబాయి వంటింటి గడప మీద పిండి చేతులతో నిలబడింది.

“అటెన్క ఒక బెస్తాయన వల ఇసిరిండు సాబ్,” అన్నాడు నందు. “పిల్ల బతికింది.”

“సినిమా బాగున్నదా?”

“అంత బాగున్నది సాబ్. ఆఖరే చెడగొట్టిన్రు.”

అమీన్ లేచి టోపీ పెట్టుకున్నాడు. వాకిట్లోకి వచ్చి, ఎవరినీ చూడకుండా, “డేరాల ఆ బొమ్మ గురువారం దాక ఉంటది గద. నేను సినిమా చూసి శాన దినాలైంది. ఇయ్యాల మాపటికి పోత,” అన్నాడు. జవానును వెంటబెట్టుకుని పోయాడు. అది బెదిరింపో, మాకు ఇచ్చిన గడువో నాకు ఇప్పటికీ తెలియదు.

గదిలో ముగ్గురం నిలబడ్డాం.

“వల లేదా?” అన్నాడు శివన్న.

“లేదు,” అన్నాడు నందు. “ఆ పిల్ల సస్తది.”

శివన్న మంచం మీద కూలబడ్డాడు. నందు తన రెండు పుస్తకాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. “రీలు రీలుకు నా పక్కన జాగ ఖాళీగుంటె నాకు తెల్వదనుకున్నవా? ఇన్ని జాసూసీ సినిమాలు చూసి గంత గూడ పట్టకుంటె నేనెందుకు? నడువు. హద్దవతలకు అర్ధాపూర్ దారి పడితె పొద్దుగూకేటాళ్ళకు శాన దూరం పోతం.”

“నువ్వెందుకు?” అన్నాడు శివన్న. “మీరిద్దరు మీ ఊళ్ళకు పోన్రి.”

“ఈడు ఉండాలె. ముగ్గురం పోతె అవ్వను పట్టుకపోతరు. మళ్ళ అడిగితె ఈడు ఇంకో కథ చెప్తడు, ఈనికి అలవాటే. నాతోని కాదు. ఒక్కపారి చెప్పిన, ఇంకోపారి నోట్లకెళ్ళి రాదు.” నావైపు తిరిగి, “ఏమంటవు?” అన్నాడు.

ఏమనాలి? పోతానంటే పోవచ్చు, ఉంటానంటే ఉండవచ్చు. కాళ్ళు మాత్రం రెండు వైపులా లాగాయి. నెలల తరబడి ఎక్కడికైనా పోవాలని కొట్టుకున్న నా ప్రాణం, పోయే వేళ వచ్చేసరికి నేల కరుచుకుంది. ఉంటానన్నాను. అవ్వ కోసమని అన్నాను, అది కూడా నిజమే.

రఖమాబాయి ఎక్కడికని అడగలేదు. పీటలు వేసింది. “తినకుంట నా గడప దాటద్దు,” అంది. తిన్నారు. కాలేజీకి పోయేవాళ్ళలా పుస్తకాలు పట్టుకుని, ఎర్రటి ఎండలో, వీధిలో అందరి ముందు నుంచీ నడిచి పోయారు.

మర్నాడు నన్ను ఠాణాకు తీసుకుపోయారు. అమీన్ నన్ను చాలాసేపు నిలబెట్టి, “ఆ పిల్ల సచ్చింది గదరా,” అన్నాడు. “నాకు చెప్పబుద్ధి కాలే సాబ్,” అన్నాను. చెంప మీద ఒకటి కొట్టాడు, మరీ గట్టిగా కాదు. మిగతా ఇద్దరూ ఎటు పోయారంటే ఊళ్ళకు పోయారన్నాను. ఆ పూట ఉంచి వదిలేశారు. గోకుంద నుంచి శివన్న తండ్రిని పిలిపించి కచేరీ చుట్టూ తిప్పారని, పొలం మటుకు పోలేదని తర్వాత విన్నాను.

పరీక్షలు పెట్టలేదు. వానలు పడ్డాయి. నేను కర్ఖేలికి పోవడం, ఉండలేక మళ్ళీ నాందేడ్‌కు రావడం, అట్లా గడిచింది. గదిలో మూడు మంచాలు ఉంటే ఒకదాని మీద పడుకోబుద్ధయ్యేది కాదు. అవ్వ కథ అడగటం మానేసింది, నేను సినిమాకు పోవడం మానేశాను.

భాద్రపదంలో సర్కారు మారింది. ఊళ్ళో జెండాలు కట్టారు, మిఠాయిలు పంచారు. ఆ సందట్లో శివన్న వచ్చాడు, ఒక్కడే. ఉమర్‌ఖేడ్‌లో వానాకాలం మొదట్లోనే కాంగ్రెసువాళ్ళ క్యాంపులో నందుకు చలిజ్వరం పట్టిందనీ, తుపాకీ మాట దేవుడెరుగు, కర్ర కూడా చేతికివ్వక ముందే పోయాడనీ చెప్పాడు. చెప్పి గోడ వైపు తిరిగి ఏడ్చాడు. రఖమాబాయి వాడి వీపు నిమురుతూ కూర్చుంది. నేను ఆ రోజు నది ఒడ్డుకు పోయి పొద్దుగూకేదాకా తిరిగాను. నందు మీద కోపం వచ్చింది, శివన్న మీద వచ్చింది, అన్నిటికన్నా ఎక్కువ నా మీద వచ్చింది.

దసరాకు కొంచెం ముందు బిలోలి నుంచి నందు వాళ్ళ నాయన వచ్చాడు, వాడి పెట్టె తీసుకుపోవడానికి. నన్ను దుమ్మెత్తి పోస్తాడనుకుని మాటలు కూడగట్టుకుని ఉన్నాను. ఆయన పెట్టె తెరిచి రెండు అంగీలు, దువ్వెన, మడత పెట్టిన దుప్పటి తీసి చూసి, మళ్ళీ అట్లాగే పెట్టి మూత వేశాడు. రఖమాబాయి చెంబుతో నీళ్ళిచ్చింది. తాగలేదు, చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

“పోయిననాడు తిని పోయిండా అక్కా?” అని అడిగాడు.

“తిన్నడే తమ్మీ. రెండు రొట్టెలు తిన్నడు. ఇంకొకటి ఏసిన, అది గూడ తిన్నడు.”

అది అక్షరాలా నిజం. నేను వాడి పక్కనే కూర్చుని ఉన్నాను.

ఆయన నమ్మలేనట్టు ఆమె వైపు చూశాడు. “మూడు తిన్నడా?” అన్నాడు. “ఇంట్ల రెండోది ముట్టకపోతుండె. వాళ్ళమ్మ ఎనుకెనుక తిరిగి పెడుతుండె.”

“మూడు తిన్నడు,” అంది రఖమాబాయి. “మిరప్పొడి నూనె గూడ అడిగి ఏపిచ్చుకున్నడు.”

అప్పుడు ఆయన చెంబెత్తి నీళ్ళు తాగాడు. తుండుతో మొహం తుడుచుకుని లేచాడు. “మంచిది. ఇంటికి పోయినంక వాళ్ళమ్మకు గిది చెప్త,” అన్నాడు. పెట్టె ఒక పక్క ఆయన, ఒక పక్క నేను పట్టుకుని బండి దాకా మోసుకుపోయాం.